స్వరాలు సరిగ్గానే దొరుకుతున్నాయి, కానీ రికార్డులోలా వినిపించడం లేదు

కొత్తతీగ:

నమస్కారం. నేను రెండేళ్ళుగా గిటారు వాయిస్తున్నాను. మొదట ట్యాబ్‌లు (ఏ తీగను ఏ మెట్టు దగ్గర నొక్కాలో అంకెలతో రాసిన పట్టికలు) చూసే నేర్చుకున్నాను గాని, ఆరు నెలల క్రితం వాటిని పూర్తిగా పక్కన పెట్టి, 1960, 70ల నాటి రాక్ పాటలను కేవలం విని పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. రోలింగ్ స్టోన్స్ వారి 1965 నాటి 'శాటిస్‌ఫాక్షన్' రిఫ్‌తో (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటారు వరుసతో) ఆరంభించాను. మూడే స్వరాలు, అయిదో తీగ మీద రెండు, నాలుగు, అయిదు ఫ్రెట్లు (మెట్లు); ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. ఆ ఉత్సాహంతో డీప్ పర్పుల్ వారి 'స్మోక్ ఆన్ ది వాటర్' అందుకుని అక్కడే చిక్కుకుపోయాను. జి అనే స్వరం నుంచి మొదలయ్యే పవర్ కార్డులుగా (ఒక స్వరాన్ని, దాని పై అయిదో స్వరాన్ని కలిపి) వాయిస్తే స్వరాలు రికార్డుతో కలుస్తున్నాయి, తప్పు స్వరమేదీ చెవికి తగలడం లేదు, అయినా రికార్డులో ఉన్న ఆ బిగువు మాత్రం రావడం లేదు. నేను వాయించేది లావుగా, మొద్దుగా ఉంటోంది. ఆంప్లిఫయర్ మీద ఉన్న మీటలన్నీ తిప్పి చూశాను, ప్రయోజనం కనిపించలేదు.

రోలింగ్ స్టోన్స్ వారిదే 'బ్రౌన్ షుగర్'తో ఇంకో తంటా. అందులోని కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఏమిటో తెలిసింది గాని, రికార్డులో ఒకదాని నుంచి ఇంకొకదానికి అంత సునాయాసంగా జారుకునే చోట నా వేళ్ళు మెలికలు పడుతున్నాయి. లోపం నా చెవిలో ఉందా, చేతిలో ఉందా? మళ్ళీ ట్యాబ్‌ల దగ్గరికి వెళ్ళక తప్పదా?

పాతరికార్డు:

మీ చెవి తప్పు వినలేదు. ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువే వింది. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఆ రిఫ్‌లో వాయించేవి ఫిఫ్త్‌లు (అయిదో స్వరం దూరం) కావు, ఫోర్త్‌లు (నాలుగో స్వరం దూరం). మీరు జిని కింద, డిని పైన ఉంచి వాయిస్తున్నారు. ఆయన డిని కింద, జిని పైన ఉంచుతారు. స్వరాల పేర్లు అవే కాబట్టి తప్పు వాయిస్తున్నట్టు మీకు తోచదు. మరి జి అడుగున ఉన్నట్టు ఎందుకు అనిపించిందంటే, డిస్టార్షన్ (ఆంప్లిఫయర్ ధ్వనిని బరకగా చేయడం) ఉన్నప్పుడు రెండు స్వరాలను కలిపి మోగిస్తే వాటి పౌనఃపున్యాల తేడాకు సమానమైన మూడో స్వరం ఒకటి ఆంప్లిఫయర్‌లోనే పుడుతుంది. ఫోర్త్‌లో కింది స్వరానికీ పై స్వరానికీ నిష్పత్తి దాదాపు 3:4, తేడా 1, అంటే పైన ఉన్న జికి రెండు స్థాయిల దిగువన మరో జి. ఎవరూ మీటని ఆ మంద్ర స్వరాన్ని విని, కార్డుకు పునాది అదేనని మీరు నిర్ధారించుకుని ఉంటారు. నేనూ చాలాకాలం అలాగే వాయించాను, పైగా సరిగ్గా వాయిస్తున్నవారిని సరిదిద్దబోయాను కూడా.

రెండో సంగతి కుడిచేతిది. ఆ రిఫ్‌కు బ్లాక్‌మోర్ పిక్ (తీగలు మీటే చిన్న పలక) వాడరు, రెండు తీగలనూ వేళ్ళతో ఒకేసారి లాగుతారు. పిక్‌తో కిందికి కొట్టినప్పుడు లావు తీగ వెంట్రుకవాసి ముందు పలుకుతుంది. వేళ్ళతో లాగినప్పుడు రెండూ ఒక్క పెట్టున తెగిపడ్డట్టు వస్తాయి. మీరు వెతుకుతున్న బిగువులో సగం అక్కడే ఉంది, దానికోసం మీటలు తిప్పి లాభం లేదు. పాట మొదట్లో గిటారు ఒంటరిగా వినిపించే చోట ఆపి ఆపి వినండి. పై స్వరాన్ని ఎవరైనా కూనిరాగంగా తీయగలరు. కింది స్వరాన్ని దాని నుంచి విడదీసి పాడగలిగేదాకా గిటారు ముట్టుకోకండి.

'బ్రౌన్ షుగర్' విషయంలో మీ వేళ్ళు మెలికపడటమే అసలైన ఆధారం. ఎంతో సులువుగా వినిపించేదానికి చేతిలో విపరీతమైన అమరిక కావలసి వచ్చిందంటే, ట్యూనింగ్ వేరేమోనని అనుమానించాలి. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఇలాంటి పాటలకు ఆరో తీగను తీసేసి, మిగిలిన అయిదింటిని జి, డి, జి, బి, డిలకు శ్రుతి చేసుకుంటారు. చూపుడువేలు అడ్డంగా పరిస్తే ఒక మేజర్ కార్డు సిద్ధం. ఆ వేలు తీయకుండానే మరో రెండు వేళ్ళు ఆనిస్తే రెండో కార్డు, ఆ రెండూ ఎత్తేస్తే మళ్ళీ మొదటిది. మీరు విన్న ఆ జారుడు అంతా అదే.

బ్లాక్ సబ్బాత్ వారి 1971 ఆల్బమ్‌ను విన్నా ఇలాంటి అనుమానమే రావాలి, ఎందుకంటే మామూలు గిటారు ఇ స్వరం కన్నా కిందికి దిగదు, అందులో కొన్ని పాటలు మాత్రం దిగుతాయి. పదిహేడేళ్ళ వయసులో కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో ఆ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి ఆయన ఫ్రెట్ల మీద పెట్టే చెయ్యి అదే. వేళ్ళకు ప్లాస్టిక్ తొడుగులు తయారుచేసుకుని, సన్నని తీగలు వాడి, తర్వాత శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించి ఆ తీగలను ఇంకా వదులు చేసుకున్నారు. ఆ సంగీతంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ వదులు తీగల మొరటుదనమే.

సగంవేగం:

రిఫ్‌ల వరకు పాతరికార్డు గారు చెప్పినది ఒప్పుకుంటాను గాని, పాడగలిగేదాకా గిటారు ముట్టుకోవద్దన్న నియమం సోలోల (గిటారు ఒంటరిగా ముందుకొచ్చే భాగాల) దగ్గర నిలవదు. సెకనుకు పది స్వరాలు దొర్లే చోట ఎవరి గొంతూ ఆడదు. అక్కడ వేగం తగ్గించి వినడం తప్ప దారి లేదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. వెనకటి వాద్యకారులు కూడా రికార్డు ప్లేయర్‌ను నిమిషానికి 33⅓ చుట్ల నుంచి 16⅔కు దించి వినేవారు. వేగం సరిగ్గా సగమైతే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి దిగుతుంది కాబట్టి స్వరాల పేర్లు మారవు. అదే 45 మీద తిరగవలసినదాన్ని 33⅓ మీద తిప్పితే అయిదు అర్ధస్వరాలకు పైచిలుకు దిగి, ఏ ఫ్రెట్‌కూ అందని సందులో పడుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ శ్రుతి మార్చకుండానే వేగం తగ్గిస్తుంది గాని, సగం కన్నా కిందికి దింపితే మీటు అలుక్కుపోయి, సుత్తి కొట్టినట్టు రావలసిన స్వరం నానిన అట్టలా వినిపిస్తుంది.

ఇంకొక జాగ్రత్త. పాటతో కలిసి వాయించే ముందు రికార్డు శ్రుతి మీ ట్యూనర్ శ్రుతితో కలుస్తోందో లేదో చూసుకోండి. మా ఇంట్లోని టేప్ రికార్డర్ వేగంగా తిరుగుతోందని తెలియక ఒక సోలో మొత్తాన్ని అర్ధస్వరం పైన నేర్చుకున్నాను. మిత్రుల ముందు వాయించిన రోజున బేస్ వాయించే అతను నా ముఖం వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కొత్తతీగ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి డిని కింద పెట్టి, పిక్ పక్కన పడేసి, రెండు వేళ్ళతో లాగాను. మొదటి రెండు స్వరాలకే ఆగిపోయి మళ్ళీ వాయించి చూసుకున్నాను, నా గిటారేనా అని. 'బ్రౌన్ షుగర్'కు ఆరో తీగ తీసేసి, అయిదో తీగను ఎ నుంచి జికి, ఒకటో తీగను ఇ నుంచి డికి దించాను. మధ్యలోని మూడింటినీ కదపవలసిన పనే లేదని అప్పుడు గమనించాను. వేళ్ళ మెలికలు పోయాయి, తాళం మాత్రం ఇంకా కుదరలేదు.

ఒక్క సందేహం మిగిలింది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ సోలోలు నెమ్మదిగా ఉంటాయి కదా అని మొదలుపెట్టాను. ఒక్కో స్వరమూ దొరుకుతోంది, కానీ ఆయన బెండ్‌లు (తీగను పక్కకు నెట్టి స్వరాన్ని పెంచడం) మాత్రం నా చేతిలో ఏడుపులా ఉంటున్నాయి.

నాలుగోవేలు:

గిల్మోర్ నెమ్మదిగా వాయించడం వల్ల నేర్చుకునేవారికి సులువవుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి దాక్కోవడానికి అక్కడ చోటు ఉండదు. మీరు సోలోలు కాసేపు ఆపి, 1975 నాటి 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'లోని నాలుగు స్వరాలతో మొదలుపెట్టండి: బి-ఫ్లాట్, ఎఫ్, జి, ఇ. వాటిలో బెండ్ లేదు. ఒక్కొక్కటీ తర్వాతిదాని మీదికి మోగుతూ ఉండాలి కాబట్టి, ఏ స్వరాన్ని ఏ తీగ మీద పట్టుకోవాలో మీ చెవే తేల్చుకోవలసి వస్తుంది. ఒకే తీగ మీద రెండు స్వరాలు వరసగా పెట్టారా, మొదటిది చచ్చిపోతుంది.

ఇక బెండ్ సంగతి. చేరవలసిన స్వరాన్ని ముందు ఫ్రెట్ మీద మామూలుగా వాయించండి, పాడండి, ఆ తర్వాతే రెండు ఫ్రెట్లు దిగువ నుంచి తీగను నెట్టండి. నాలుగైదు సార్లు రికార్డు చేసుకుని వింటే, మీ బెండ్ ఎప్పుడూ కొంచెం కిందనే ఆగుతోందని బయటపడుతుంది. దాదాపు అందరిదీ అంతే. చూపుడువేలు, నడిమివేలు కూడా ఉంగరపు వేలికి వెనకనుంచి దన్ను ఇవ్వాలి, నెట్టేది మణికట్టు కావాలి. బెండ్ పైన వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) కూడా పైకి పోదు: తీగను కాస్త వదిలి మళ్ళీ అదే స్వరానికి చేర్చడమే, అంటే ఊపు అంతా స్వరానికి దిగువనే. గమ్యం కన్నా పైకి ఊపితే శ్రుతి తప్పి, మీరన్న ఏడుపు మొదలవుతుంది.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెబుతాను. మీకు నచ్చినవారిని మాత్రమే కాక, వారు ఎవరిని విని నేర్చుకున్నారో వారినీ వినండి. ఎరిక్ క్లాప్టన్ 1966లో జాన్ మాయల్ బృందంతో వాయించిన 'హైడ్‌అవే' మొదట ఫ్రెడీ కింగ్‌ది, 1961 నాటిది. రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టుకుని, ఒకే వరుసను ఇద్దరి నుంచీ విని పట్టుకోండి. క్లాప్టన్ చేతిలో లెస్ పాల్ గిటారు, మార్షల్ ఆంప్లిఫయర్ కలిసి స్వరాన్ని సాగదీస్తాయి. కింగ్ దగ్గర అదే స్వరం పొట్టిగా, పదునుగా తెగుతుంది. ఫ్రెట్ మాత్రం ఒకటే కావచ్చు. మొదట ఎనిమిది బార్లు (తాళ ఆవర్తాలు) చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.