కరీంనగర్‌లో పదమూడేళ్ల అమ్మాయికి ఫుట్‌బాల్ కోచింగ్ ఎక్కడ? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి ఆసియా కప్‌కి వెళ్లింది కదా, అప్పటి నుంచి దానికి ఫుట్‌బాల్ తప్ప వేరే ధ్యాస లేదు. సంగీతా బాస్ఫోర్ కొట్టిన ఆ రెండు గోల్స్ ఎన్నిసార్లు చూసిందో! క్వాలిఫయర్స్ ఆడి గెలిచి ఆసియా కప్‌కి అర్హత సాధించడం మన అమ్మాయిలకు అదే మొదటిసారి. అసలు అంత పెద్ద విజయానికి మన దగ్గర రావాల్సినంత పేరు రాలేదని నాకు బాధ.

నిజామాబాద్ జిల్లా నుంచి సౌమ్య గుగులోత్ ఇండియాకి ఆడుతోందని తెలిశాక మాకూ ధైర్యం వచ్చింది. కానీ దారే తెలియట్లేదు. స్కూల్లో ఫుట్‌బాల్ మగపిల్లలకే. ఆడతానంటే పీఈటీ సార్ ఖో ఖోలో చేరమన్నారు. ప్రస్తుతం సాయంత్రాలు వాళ్ల అన్నయ్య ఫ్రెండ్స్‌తో ఆడుతోంది.

కరీంనగర్, వరంగల్ వైపు అమ్మాయిలకు విడిగా కోచింగ్ ఉందా? జిల్లా, రాష్ట్ర జట్ల సెలక్షన్స్ ఎప్పుడు జరుగుతాయో ముందే తెలుసుకోవడం ఎలా? వయసు ధ్రువీకరణకు ఏ కాగితాలు అడుగుతారు? హాస్టల్‌లో ఉంచాల్సి వస్తే భద్రత ఎలా ఉంటుందోనని వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. మీ పిల్లల్ని అలా పంపినవాళ్లుంటే, మంచీ చెడూ రెండూ దాచకుండా చెప్పండి. ఖర్చు కొంతవరకు పెట్టుకోగలం.