సారంగధర మెట్ట మీద పిల్లలకు ఏ కథ చెప్పాలి?

రాగిరేకు:
మొన్న ఆదివారం రాజమహేంద్రవరంలో మన చరిత్ర బృందం బడిపిల్లల కోసం పెట్టిన నడకకు నేనూ వెళ్ళాను. సారంగధర మెట్ట ఎక్కగానే మార్గదర్శి కథ ఎత్తుకున్నారు. ఎగిరిపోయిన పావురం, సవతి తల్లి చిత్రాంగి వేసిన నింద, రాజరాజ నరేంద్రుడి కోపం, కొడుకు కాళ్ళూ చేతులూ నరికించడం. ఏడో తరగతి కుర్రవాడొకడు చెయ్యెత్తి, "నరికింది సరిగ్గా ఎక్కడండీ?" అని అడిగాడు. ఆయన ఒక బండ చూపించారు. వాడు ఆ బండ బొమ్మ గీసుకుని కింద 'ఇక్కడే' అని రాసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

రాజరాజుకు సారంగధరుడనే కొడుకు ఉన్నట్టు శాసనాధారం లేదు. ఆయనకూ రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవికీ పుట్టిన రాజేంద్రుడు నిక్షేపంగా పెరిగి, 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. నన్నయ చేత భారతం రాయించిన రాజును పిల్లల ముందు ఇలా నిలబెట్టడానికా మన బృందం? ఆ మెట్టను నడకలోంచి తీసేయాలని నా మాట. మీరేమంటారు?

గొడుగు పట్టినవాడు:
ఆ మార్గదర్శిని నేనే. బండ చూపించడం నా తప్పు. నలభై మంది ఒక్కసారి మన ముఖంలోకి చూస్తే చెయ్యి దానంతటదే ఎటో లేస్తుంది. అందుకని మెట్టనే తీసేయడమా? అంతకు ముందు వారం ఇదే పిల్లలను మ్యూజియానికి తీసుకువెళ్ళాను. నందంపూడి శాసనం గురించి చెప్పడం మొదలుపెట్టాను. 1053, నన్నయ రచన, భారత రచనలో తోడ్పడిన నారాయణభట్టుకు అగ్రహారం. ఒకడు ఆవులిస్తే వరసగా అందరూ ఆవులించారు. పావుగంటలో సగం మంది గేటు బయట ఐస్ బండి దగ్గర తేలారు.

మెట్ట కింద ఇల్లు:
నేను పుట్టి పెరిగింది ఈ మెట్ట కిందే. పైన ఉన్న శివుడి పేరే సారంగధరేశ్వరుడు. మా నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా కత్తి ఎత్తే చోట ఆగి ముక్కు తుడుచుకునేది. శాసనంలో లేదు కనుక అదంతా ఉత్తదేనా? ఊరి పేరు మీదే మీకు ఒక మాట లేదు కదా! రాజమహేంద్ర అనే బిరుదు రాజరాజు కంటే వందేళ్ళ ముందటి మొదటి అమ్మరాజుకూ ఉందని ఇక్కడే మీరు రాశారు, రాగిరేకు గారూ.

రాగిరేకు:
అమ్మా, మీ నాయనమ్మ కన్నీళ్ళ జోలికి నేను వెళ్ళను. ఆ కథకు మన బృందం ముద్ర వేసి పిల్లల నోట్సులోకి ఎక్కించవద్దంటున్నాను, అంతే. రాజరాజు పట్టాభిషేకానికి 900 ఏళ్ళు నిండిన 1922లో ఈ ఊళ్ళోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. రాళ్ళబండి సుబ్బారావు వంటివారు శాసనాలు పోగుచేసి చరిత్ర నిగ్గు తేల్చిన ఊరు ఇది. నూరేళ్ళు గడిచాక మనం బండలు చూపిస్తున్నాం.

పాత పుస్తకాల కొట్టు:
కథకూ ఒక చరిత్ర ఉందని ఇద్దరూ మరిచిపోతున్నారు. నవనాథులనే తొమ్మిది మంది సిద్ధుల్లో ఒకడైన చౌరంగి కథ ఇదే: సవతి తల్లి నింద, కాళ్ళూ చేతులూ పోవడం, సిద్ధుడి దయ. పదిహేనో శతాబ్దంలో గౌరన దీన్ని నవనాథ చరిత్రలో చెప్పాడు. పదిహేడో శతాబ్దంలో తంజావూరు కొలువులో చేమకూర వేంకటకవి కావ్యం చేశాడు. ఆ తరవాత నాటకాలవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. దారిలో ఎక్కడో మన రాజు ఆ కథలో తండ్రి అయి కూర్చున్నాడు.

ఎందుకయ్యాడు? రాజరాజు ఏలుబడి పొడుగునా సవతి తమ్ముడు విజయాదిత్యుడితో సింహాసనం తగవే. ఆ సవతి పోరే కథను ఇటు లాగిందేమో. ఇది నా ఊహ, రాగిరేకు గారు శాసనం అడగవద్దు. పిల్లలను మెట్ట మీద నిలబెట్టి, "ఈ రాజు మీద ఈ నింద ఎవరు వేశారు?" అని అడిగి చూడండి. దొంగను పట్టుకోమంటే ఏ పిల్లవాడూ ఆవులించడు.

గొడుగు పట్టినవాడు:
ఇది నచ్చింది. అయితే ముందు కథ పూర్తిగా వినాలి కదా. ఎండలో, మెట్ట మీద రెండూ కుదరవు.

మెట్ట కింద ఇల్లు:
మా అరుగు పెద్దదే, నీడ కూడా ఉంటుంది. కథ నేను చెబుతాను. పైకి వెళ్ళాక దొంగను మీరు పట్టుకోండి.

రాగిరేకు:
అరుగు మీదైతే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఇది కథ అని మొదటి మాటలోనే పిల్లలకు తెలియాలి.

మెట్ట కింద ఇల్లు:
'అనగనగా' అని మొదలుపెడితే తెలియదా నాయనా?

గొడుగు పట్టినవాడు:
బండ బొమ్మ గీసుకున్న కుర్రవాడు ఈ ఆదివారమూ పేరు ఇచ్చాడు. ఆ 'ఇక్కడే' సంగతి వాడికి ఎవరు చెబుతారు?

రాగిరేకు:
మీరే. చూపించిన చెయ్యి మీదే కదా.