ఓసీడీకి ఏ థెరపీ? సీబీటీ, ఈఆర్‌పీ, కౌన్సెలింగ్ అంటుంటే తికమకగా ఉంది

గోదారిగట్టు:
మా తమ్ముడికి 24 ఏళ్లు. చేతులు కడగడం, గ్యాస్ కట్టేశానా లేదా అని చూసుకోవడం, రెండూ కలిపి రోజుకు మూడు గంటలు పోతున్నాయి. సైకియాట్రిస్టు ఓసీడీ (వద్దన్నా వదలని అనుమానాలు, వాటికోసం మళ్లీ మళ్లీ చేసే పనులు) అని మందు రాసి, థెరపీ కూడా చేయించమన్నారు. ఒకరు సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే థెరపీ) అంటారు, ఒకరు కౌన్సెలింగ్, ఇంకొకరు హిప్నోథెరపీ. ఏది పట్టుకోవాలి? ఎన్ని సెషన్లు? ఇంట్లో మడి ఆచారం ఉంది, అదీ అడ్డమేనా?

వేపచెట్టు:
జబ్బు ఓసీడీ అని తేలిందిగా, ఇక ముందు చూడాల్సింది ఈఆర్‌పీనే (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్). సీబీటీ కుటుంబంలోదే గానీ సీబీటీ బోర్డు పెట్టిన అందరూ ఇది చేయరు, చిక్కంతా అక్కడే. భయపెట్టేదాన్ని కావాలని ముట్టుకోవడం, ఆ తర్వాత చేసే తంతును ఆపడం, పద్ధతంతా ఇంతే. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ దీనికి పునాది వేశారు.

మొదటి రెండు మూడు సెషన్లలో యేల్-బ్రౌన్ స్కేలు వేస్తారు (ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో 40కి లెక్క చూస్తారు), భయాలకు 0 నుంచి 100 దాకా మార్కులు వేయిస్తారు. ఉదాహరణకు తలుపు గొళ్లెం 35, బస్సులో కడ్డీ 60, బాత్రూం కుళాయి 80. మొదలు 35 దగ్గర. గొళ్లెం పట్టుకుని, అదే చెయ్యి చొక్కాకు, మొహానికి రాసుకుని, కడగకుండా కూర్చోవాలి. గాబరా పూర్తిగా దిగకపోయినా ఫర్వాలేదు. కడగకపోయినా తట్టుకోగలనని తెలిస్తే చాలు. మామూలుగా వారానికొకటి చొప్పున 12 నుంచి 20 సెషన్లు, ఒక్కోటి గంట, గంటన్నర. ఇంటి దగ్గర రోజూ చేయాల్సిన అభ్యాసం వేరే. అది చేయకపోతే 20 సెషన్లూ కబుర్లే.

ఎక్కువమంది దెబ్బతినేది లోపలి తంతుతో. చెయ్యి కడగడు గానీ మనసులో "ఏం కాదులే, ఏం కాదులే" అని జపిస్తుంటాడు. అదీ కడుక్కోవడమే. థెరపిస్టు దాన్ని అడిగి పట్టుకోవాలి.

పిచ్చుకగూడు:
మడి సంగతి. మడికి మొదలూ చివరా ఉంటాయి. స్నానం చేసి మడిబట్ట కట్టుకుంటే అయిపోయినట్టే. ఓసీడీకి "సరిగ్గా అయిందా?" అన్న అనుమానమే గానీ "అయిపోయింది" అన్న మాట ఉండదు. కాబట్టి ఆచారాన్ని మంటగలపక్కర్లేదు, అమ్మగారు ఎంత చేస్తే అంతే అతనికీ హద్దు. తెలుగింటి అంటూ ఎంగిలీ తెలిసిన థెరపిస్టయితే ఈ గీత తేలిగ్గా గీస్తారు.

ఇంకో మాట. "గ్యాస్ కట్టేశావురా, నేను చూశాగా" అని ఇంట్లోవాళ్లు రోజుకు పదిసార్లు భరోసా ఇస్తున్నారా? తనిఖీ అతని బదులు మీరు చేసిపెడుతున్నట్టే. ఒక్కసారిగా ఆపేస్తే గొడవవుతుంది. థెరపిస్టు, తమ్ముడు, మీరు కూర్చుని "దీనికి జవాబు చెప్పకూడదని అనుకున్నాంగా" లాంటి ఒక్క వాక్యం ఖాయం చేసుకోండి.

కాఫీపొడి:
మనిషిని ఎంచుకోవడానికి ఫోన్లో ఒకటే అడగండి: "ఓసీడీకి మొదటి నాలుగు సెషన్లలో ఏం చేయిస్తారు?" భయాల జాబితా, ఎదుర్కొనే అభ్యాసం, ఇంటి పని అంటే ముందుకెళ్లండి. "మనసు విప్పి మాట్లాడుకుందాం, రిలాక్సేషన్ నేర్పిస్తా" అంటే వేరేవాళ్లను చూడండి. రిలాక్సేషన్ ఓసీడీని కదపదు. చిన్నప్పటి కారణాలు తవ్వడం కూడా అంతే, హిప్నోథెరపీ జోలికే పోవద్దు. క్లినికల్ సైకాలజిస్టయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడిగితే నొచ్చుకునేవాళ్లు వద్దు. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు, ఖర్చు లేదు. వీడియో సెషన్లూ పనిచేస్తాయి. గ్యాస్ పొయ్యి ఎలాగూ ఇంట్లోనే ఉంది!

మందు మాత్రం థెరపీ మొదలైందని సొంతంగా మానకూడదు. ఓసీడీలో దాని ఫలితం తెలియడానికే 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు.

గోదారిగట్టు:
గ్యాస్‌కి అభ్యాసం ఎలా ఉంటుంది? ఇప్పుడు ఫొటో తీసుకుని బయటికెళ్తున్నాడు, కాస్త నయమే అనుకున్నాం.

వేపచెట్టు:
ఫొటో కూడా తనిఖీయే, దారిలో పదిసార్లు తెరిచి చూస్తాడు. నాబ్ ఒక్కసారి తిప్పి, వెనక్కి చూడకుండా తలుపు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి, పావుగంట ఆగి రావాలి. ఫోన్ ఇంట్లోనే.