కరోనా రోజుల్లో మనసు జబ్బుల లెక్కలు నమ్మొచ్చా?

చెరువుగట్టు: కరోనా మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచమంతా 25 శాతం పెరిగాయని 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నేను నమ్మను. ఈ సర్వేల్లో ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9 అనే కాగితం. గత రెండు వారాల్లో నిద్ర పట్టిందా, ఆకలేసిందా, నీరసంగా ఉందా అని తొమ్మిది ప్రశ్నలు. 27కి 10 వస్తే డిప్రెషన్ అనుమానం. మా భీమవరం వైపు రొయ్యల రైతుకి తెల్లారగట్ల చెరువులో ఆక్సిజన్ పడిపోతుందన్న టెన్షన్‌తో ఎప్పుడూ నిద్రుండదు. అందరికీ జబ్బేనా?

రాజోలు కోడలు: నిద్ర ప్రశ్నకి మహా అయితే 3 మార్కులండి. మిగతా ఏడు ఎక్కడినుంచి వస్తాయి?

చెరువుగట్టు: కరోనా వచ్చినోడికి నిద్ర లేదు, ఆకలి లేదు, ఒంట్లో ఓపిక లేదు. మూడు మూళ్లు తొమ్మిది. మనసు నిక్షేపంగా ఉన్నా పది అంచుకొచ్చేశాడు!

అమలాపురం బస్సు: ఇది మాత్రం పాయింటే.

రాజోలు కోడలు: అందుకే అది జల్లెడ మాత్రమే, తర్వాత డాక్టరు మాట్లాడి తేల్చాలి. అసలు చిక్కు వేరే ఉంది. 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. ఆ 12లో ఆంధ్ర లేదు. కరోనా ముందు లెక్కే లేనప్పుడు పెరిగిందో తగ్గిందో దేంతో పోలుస్తాం?

లంకపిల్ల: 2021లో నాకూ సర్వే ఫోనొచ్చింది. పక్కనే అత్తగారు. మా ఆయన మస్కట్‌లో పని పోయి ఇరుక్కుపోయారు అప్పటికి. "బాగానే ఉన్నానండి" అనేసి పెట్టేశాను.

చెరువుగట్టు: ఇంకేం, అన్నీ దొంగ లెక్కలే.

రాజోలు కోడలు: ఆవిడ దాచారు కాబట్టి లెక్క తగ్గిందండీ! మీరేమో పెంచి చూపించారంటున్నారు. ముందు ఏదో ఒకటి అనుకుని రండి.

చెరువుగట్టు: మేడమ్, ఎగతాళి వద్దు. మా అన్నయ్యకి అదే కాగితం నింపారు. వీధి అరుగు మీద, అందరి ముందూ. 18 వచ్చిందన్నారు, పోయారు. మళ్లీ ఫోన్ లేదు, మందు లేదు. ఊరంతా పాకింది, పిల్ల సంబంధం వెనక్కిపోయింది. 18 వచ్చే ఉంటుంది, కాదనను. ఆ తర్వాతేంటి?

రాజోలు కోడలు: అరుగు మీద అడగడం ఘోరం. కానీ ఎంతమందికి అవసరమో చెప్పకుండా డాక్టర్ని ఎలా అడుగుతాం? మనసు బాధలు చెప్పుకునే సర్కారు ఫోన్ లైను టెలీమానస్ 14416 కూడా 2022 అక్టోబరులో గానీ రాలేదు.

చెరువుగట్టు: ముందు డాక్టర్ని పెట్టి, తర్వాత అడగమనండి.

రాజోలు కోడలు: ఎంతమందిని పెడతారండీ?

చెరువుగట్టు: మా మండలానికి ఒక్కరు చాలు. దానికి సర్వే అక్కర్లేదు.