సూది గుచ్చుకుంది, మా సార్ "కడుక్కో చాలు" అంటున్నారు

తెల్లకోటు_98
మంగళవారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అయి ఏడాదిన్నర. మా ఊళ్ళోనే ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో చేస్తున్నా. ఈ పొద్దున ఏడున్నరకి సూది గుచ్చుకుంది. అప్పట్నుంచి ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నా.

ఫాస్టింగ్ షుగర్ల టైము, బయట బెంచీ మీద పదిహేను మంది. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరికి నరం దొరకలేదు. రెండోసారికి సిరంజితో తీశా. ట్యూబుల్లో పోయాలంటే సూది ఊడదియ్యాలి కదా, అందుకని క్యాప్ పెట్టబోయా. సరిగ్గా అప్పుడే వెనకాల ఒకావిడ "అమ్మాయ్, నా బస్సు పోతోంది" అంది. తల తిప్పా. సూది క్యాప్ పక్కనుంచి జారి ఎడమ చూపుడు వేలి కొసలో దిగింది. గ్లవ్ ఉంది. తీసి చూస్తే ఆవగింజంత ఎర్ర చుక్క.

వేలు గట్టిగా పిండి, స్పిరిట్ పోశా. మండింది. మిగతా పద్నాలుగు మందికీ శాంపిల్స్ తీశా. తొమ్మిదింటికి సార్ వచ్చాక చెబితే "కడుక్కో చాలు, మా రోజుల్లో ఇలాంటివి వంద అయ్యాయి. బయట అనకు, సెంటర్ పేరు పోతుంది" అన్నారు.

హెపటైటిస్ బి టీకా కాలేజీలో రెండు డోసులు వేశారు. మూడోది పరీక్షల హడావిడిలో పోయింది. ఇంట్లో చెప్పలేదు, సంబంధాలు చూస్తున్నారు. మందులు వాడాలా? పెద్దాయన రక్తమున్న లావెండర్ మూత ట్యూబు ఇంకా ర్యాక్‌లోనే ఉంది. నేనే హెచ్‌ఐవీ టెస్టు కార్డు ఒకటి పెట్టి చూసుకుంటే తేలిపోతుందిగా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
మంగళవారం, సాయంత్రం 6:52

అమ్మా, ఫోన్ పక్కన పెట్టి బయల్దేరు. జిల్లా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఈ టైముకి మూసేసి ఉంటుంది, నేరుగా క్యాజువాలిటీకి పో. "ల్యాబ్‌లో నీడిల్ స్టిక్ అయింది, పీఈపీ కావాలి" అను, ఆ మాటే అను. పీఈపీ అంటే హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసే మందులు. మొదటి డోసు రెండు గంటల్లోపు పడితే మంచిది, 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు. నీకు పదకొండు గంటలే అయింది. వెయ్యాలా వద్దా అన్నది అక్కడి డాక్టర్ చూసుకుంటారు. మొదలుపెడితే 28 రోజులు. ఎవరూ సరిగ్గా చెప్పకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 కి ఫోన్ చెయ్యి. టీకా కార్డు ఉంటే తీసుకెళ్ళు. గర్భం ఉందేమో, వేరే మందులు వాడుతున్నావేమో అడుగుతారు, సిగ్గుపడకుండా చెప్పు.

పాతసూది
మంగళవారం, రాత్రి 9:15

సిస్టర్ చెప్పినట్టు వెళ్ళావనుకుని రాస్తున్నా. వెళ్ళకపోతే ఇది చదవడం ఆపి ముందు వెళ్ళమ్మా.

ముప్పై రెండేళ్ళు ప్రభుత్వాసుపత్రుల ల్యాబుల్లో చేసి రిటైర్ అయ్యాను. మీ సార్ "వంద అయ్యాయి" అన్నది అబద్ధం కాదు. మా రోజుల్లో హిమోగ్లోబిన్ అంటే సాలీ పిపెట్టే. రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని, వేలి రక్తాన్ని 20 గీత దాకా పీల్చి, ట్యూబులోని యాసిడ్‌లోకి ఊదేవాళ్ళం. కాస్త గట్టిగా పీలిస్తే రక్తం గొట్టంలోకి ఎక్కేది. నా నోట్లోకి రెండుసార్లు వచ్చింది. ఉప్పగా, ఇనుప రుచి. ఉమ్మేసి, పుక్కిలించి, టీ తాగి మళ్ళీ కూర్చున్నా. యూరిన్ షుగర్‌కి బెనెడిక్ట్ ట్యూబు స్పిరిట్ దీపం మీద పట్టుకుంటే ఒక్కోసారి చివాలున పైకి చిమ్మేది, ట్యూబు మూతి ఎటుందో చూసుకునేవాడే లేడు. పక్క బల్ల మీద లీష్మన్ స్టెయిన్ (రక్తం స్లైడుకి వేసే రంగు) సీసా మూత తీసే ఉండేది. అందులో ఉండేది మిథనాల్, ఇట్టే అంటుకునేది. ఆ బల్లలు తగలబడకపోవడం మా గొప్ప కాదు.

ఆ వంద మందిలో నేనొకణ్ణి. 1997లో నాకూ నీలాగే క్యాప్ పెట్టబోతే గుచ్చుకుంది, బొటనవేలికి. ఎవరి రక్తమో కూడా తెలియదు, ట్రేలో వరసగా పన్నెండు సిరంజిలు ఉన్నాయి. టీకా అప్పటికే బజారులో ఉంది. రేపు వేయించుకుందాం, జీతం రానీ అనుకుంటూ గడిపాను. రెండున్నర నెలలకి అన్నం చూస్తే వికారం, యూరిన్ చిక్కటి టీ డికాక్షన్ రంగు. అద్దంలో కళ్ళు చూసుకుంటే పసుపు. నా శాంపిల్ నేనే పెట్టుకున్నా, హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, అంటే హెపటైటిస్ బి.

ఇంట్లో పచ్చకామెర్లు అన్నా. సూది సంగతి చెప్పలేదు. మా అత్తగారు నన్ను బస్సెక్కించి పసరు పోయించడానికి తీసుకెళ్ళారు. తెల్లారుజామున నాలుగింటికి పరగడుపున ఒక ఇంటి అరుగు మీద, జిల్లా ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ని, తల వెనక్కి వాల్చి ముక్కులో ఆకు పసరు పోయించుకుంటూ కూర్చున్నా. నోరు విప్పి నిజం చెప్పడం కంటే అదే సులువనిపించింది. పెద్దవాళ్ళలో ఎక్కువ మందికి ఆ వైరస్ దానంతటదే వదిలిపోతుంది. నాకూ ఐదు నెలలకి నెగెటివ్ వచ్చింది. పేరు మాత్రం పసరుకి వచ్చింది. ఆ ఐదు నెలలూ మా ఆవిడకి కూడా పరీక్ష చేయించి టీకా వేయించాలన్న ఆలోచన రాలేదు చూడు, దానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను. ఆవిడకి రాలేదు, అదృష్టం.

అందుకే అందరూ హెచ్‌ఐవీ అని భయపడుతుంటే నేను ముందు బి గురించి అడుగుతా. పాజిటివ్ రక్తమున్న సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ వచ్చే అవకాశం వెయ్యికి మూడు. టీకా లేనివాడికి హెపటైటిస్ బి అయితే నూటికి ఆరు నుంచి ముప్పై దాకా. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ వారం రోజులు బతుకుతుంది. నీకు రెండు డోసులే పడ్డాయి కాబట్టి యాంటీ హెచ్‌బీఎస్ టైటర్, అంటే టీకా వల్ల ఒంట్లో పుట్టిన రక్షణ ఎంతుందో, చూడమని అడుగు. 10 దాటితే నిశ్చింత. లేకపోతే మూడో డోసుతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) అవసరమా అని డాక్టర్‌ని అడుగు. అది 24 గంటల్లోపు పడితే మేలు. హెపటైటిస్ సి కి టీకా లేదు గానీ ఇప్పుడు నయం చేసే మాత్రలు ఉన్నాయి. ఈ రోజు నీ రక్తం కూడా తీసి మూడూ పరీక్ష చేస్తారు, తర్వాత 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి మళ్ళీ చూస్తారు. ఈ రోజు కాగితం జాగ్రత్తగా దాచుకో. గుచ్చుకునేనాటికి నీకేమీ లేదని చెప్పేది అదొక్కటే.

వేలు పిండకూడదు, స్పిరిట్, హైపో (సోడియం హైపోక్లోరైట్, బ్లీచింగ్ ద్రావణం) పోయకూడదు. సబ్బూ, పారే నీళ్ళూ చాలు. పిండేశావు, అయిపోయింది, దాని గురించి నిద్ర పాడుచేసుకోకు.

ఆ ట్యూబు జోలికి మాత్రం పోకు. పెద్దాయనకి చెప్పకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయడం తప్పు. 2017 చట్టం ప్రకారం ఆయన ఒప్పుకోవాలి. రిజిస్టరులో ఆయన ఫోన్ నంబరు ఉంటుంది. జరిగింది జరిగినట్టు చెప్పి అడుగు. నా అనుభవంలో నూటికి తొంభై మంది కాదనరు.

ఇక అసలు సంగతి. నువ్వు క్యాప్ ఎందుకు పెట్టావు? కాలేజీలో పెట్టొద్దని చెప్పే ఉంటారు. గోడ మీద చార్టు కూడా ఉండే ఉంటుంది. సూదులు వేసే తెల్ల డబ్బా ఎక్కడుందో చెప్పు, ఎందుకు పెట్టావో నేను చెబుతా.

తెల్లకోటు_98
బుధవారం, ఉదయం 6:05

వెళ్ళానండి. అన్నయ్యకి చెప్పేశా, వాడే బండి మీద తీసుకెళ్ళాడు. రాత్రి పదింటికి మొదటి మాత్ర వేశారు, రక్తం తీసుకున్నారు. ఏడింటికి పెద్దాయనకి ఫోన్ చేస్తా.

తెల్ల డబ్బా వెనక గదిలో ఉంది సార్, సెంట్రిఫ్యూజ్ పక్కన. కలెక్షన్ కుర్చీ దగ్గర పెడితే పేషెంట్లు సూదులు చూసి భయపడతారని మా సార్ అక్కడ పెట్టించారు. ట్రేలో పోగేసి పదింటికి ఒకేసారి తీసుకెళ్తాం.

పాతసూది
బుధవారం, ఉదయం 6:30

అనుకున్నా.

పదిహేను సూదులు రెండు గంటల పాటు ట్రేలో మొన పైకి పెట్టుకుని పడుంటే ఎవరైనా ఏం చేస్తారు? క్యాప్ పెడతారు. నువ్వు అజాగ్రత్తగా ఉన్నావని ఎవరైనా అంటే నమ్మకు. నేను ఏ ల్యాబుకి వెళ్ళినా రక్తం తీసేవాళ్ళ స్టూలు మీద కూర్చుని, లేవకుండా చెయ్యి చాపుతా. డబ్బా అందితే ఆ ల్యాబులో క్యాపులు పెట్టరు. అందకపోతే పెడతారు, ఎన్ని క్లాసులు పీకినా సరే.

ఆ డబ్బా మూతకి తాళం చెవి రంధ్రం లాంటి గాడి ఉంటుంది చూశావా? సూది మెడని అందులో ఇరికించి సిరంజిని తిప్పితే సూది లోపల పడిపోతుంది. రెండో చెయ్యి అక్కర్లేదు. ఆ తర్వాత ట్యూబుల్లో పోసుకో. రక్తమున్న సిరంజిని సూదులు కోసే కట్టర్‌లో పెట్టకు, మొహాన చిమ్ముతుంది. డబ్బా ముప్పాతిక నిండగానే మార్చు. పైనుంచి చేత్తో కుక్కేవాళ్ళని చూశాను. ఎప్పుడైనా క్యాప్ పెట్టక తప్పకపోతే, దాన్ని బల్ల మీద పడుకోబెట్టి ఒంటి చేత్తో సూదితో ఎత్తు, గరిటెతో ఎత్తినట్టు.

ఓనర్‌ని_నేనే
బుధవారం, ఉదయం 10:20

నాదీ చిన్న ల్యాబే, మండల కేంద్రంలో. ప్రతిదానికీ యజమానిని ముద్దాయిని చేయడం బాగోలేదు. వ్యాక్యూటైనర్లు (రక్తాన్ని నేరుగా లాక్కునే ట్యూబులు), వాటి హోల్డర్లు, టీకాలు, చెత్త తీసుకెళ్ళేవాళ్ళకి నెలనెలా డబ్బు. ఇక్కడ షుగర్ టెస్టు యాభై రూపాయలంటేనే బేరమాడతారు. ఎక్కడినుంచి తేవాలి? టీకాలు వేయిస్తే ఆర్నెల్లకి ఆ పిల్లలు పెద్ద ల్యాబుకి వెళ్ళిపోతారు.

పాతసూది
బుధవారం, ఉదయం 11:02

మీ కష్టం నాకు తెలియనిది కాదు సార్. అయితే బయోమెడికల్ వేస్ట్ రూల్స్, 2016వి, ఒకసారి తీసి చూడండి. ఆ చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత యజమానిదేనని ఉంది. మీ దగ్గర ఊడ్చే ఆవిడ కూడా అందులోకే వస్తుంది. ఆవిడకి వేయించారా? ఆ పిల్ల వెళ్ళిపోతే వెళ్ళిపోనీ, టీకా వేసుకునే వెళ్తుంది.

వెనక గదిలోని డబ్బాని ముందు గదిలోకి తేవడానికి మాత్రం రూపాయి ఖర్చు లేదు.

ఇంకోటి, మీ హైపో ఎక్కడుంది? కిటికీలో, ఎండ తగిలేచోట ఉందనుకుంటున్నా, చాలాచోట్ల అక్కడే చూశాను. ఎండ తగిలితే దాని బలం పోతుంది. 5 శాతం సీసా అయితే ఒక వంతు హైపోకి నాలుగు వంతుల నీళ్ళు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. నిన్నటి బకెట్‌లో ముంచితే సూక్ష్మజీవులకి స్నానం చేయించినట్టే.

డల్లాస్_టెక్
బుధవారం, రాత్రి 8:47

ఇక్కడ హాస్పిటల్ ల్యాబులో పదకొండేళ్ళుగా చేస్తున్నా. మా దగ్గర నరంలోంచి తియ్యకముందే బటన్ నొక్కితే సూది దానంతటదే వెనక్కి పోయేవి వాడతాం. జనం మంచివాళ్ళు కావడం వల్ల రాలేదు అవి, 2000లో అమెరికాలో నీడిల్ స్టిక్ మీద చట్టం వచ్చాకే యాజమాన్యాలు కొన్నాయి. అయినా ఇక్కడా గుచ్చుకుంటాయి. నాకు రెండేళ్ళ క్రితం అయింది. తేడా ఒక్కటే, గ్లవ్ తీసేలోపే మా సూపర్‌వైజర్ ఫారం పట్టుకొచ్చింది. ఎవరూ ఎందుకు చేశావని అడగలేదు.

తెల్లకోటు_98
శుక్రవారం, రాత్రి 9:30

పెద్దాయన సంగతి చెప్పాలి. బుధవారం ఫోన్ చేసి మాట రాక మూడుసార్లు "తాతగారూ" అన్నా. విషయం చెప్పగానే "నా రక్తం నీకు గుచ్చుకుందా తల్లీ, చెప్పవేం అప్పుడే" అన్నారు. మనవడి బండి మీద ఆసుపత్రికి వచ్చి, సంతకం పెట్టి రక్తం ఇచ్చారు. "ఈసారైనా నరం దొరికిందా" అని నన్నే అడిగారు, తీసింది వేరే ఆవిడ. మూడూ నెగెటివ్. డాక్టర్ మాత్రలు ఆపేశారు. నా టైటర్ 4 వచ్చింది, మూడో డోసు వేశారు, రెండు నెలలకి మళ్ళీ చూడమన్నారు.

రాత్రి అమ్మకి చెప్పా. సంబంధం గురించి ఒక్క మాట అనలేదు, "పద్నాలుగు మందికి ఆ వేలితోనే తీశావా" అంది.

మా సార్‌కి 2016 రూల్స్ పేజీ వాట్సాప్‌లో పెట్టా. బ్లూ టిక్ వచ్చింది, జవాబు రాలేదు. నిన్న పొద్దున నేనే డబ్బా తెచ్చి స్టూలు పక్కన బల్లకి టేపు వేసి అతికించా. సార్ చూసి, తియ్యమనలేదు. ఊడ్చే అక్క మాత్రం దాన్ని కాసేపు చూసి, నాకూ ఆ టీకా వేస్తారా అని అడిగింది. ఆవిడ పన్నెండేళ్ళుగా చేస్తోందట ఇక్కడ. ఎక్కడ వేయిస్తారో, ఎంతవుతుందో ఎవరైనా చెప్పండి.