సైరన్ మోగే స్మరణ దినం: యూదుల పాత సంతాప దినం ఉండగా కొత్తది ఎందుకు?

సోషల్ టీచర్, అనంతపురం:
జనవరి 30న ఉదయం 11 గంటలకు మా బడిలో రెండు నిమిషాలు మౌనం పాటిస్తుండగా ఏడో తరగతి పిల్లవాడొకడు చెప్పులు విడిచి నిలబడ్డాడు. కారణం అడిగితే, "పీర్ల చావిడి ముందర అట్లే కదా టీచర్ నిలబడేది" అన్నాడు. నాజీల మారణహోమానికి బలైన 60 లక్షల మంది యూదుల కోసం ఇజ్రాయెల్‌లో ఏటా స్మరణ దినాన ఉదయం 10 గంటలకు సైరన్ మోగిస్తారనీ, రహదారి మీద వాహనాలు ఆపి జనం దిగి నిలబడతారనీ ఆ రోజే తరగతిలో చెప్పాను. యెరూషలేము ఆలయాల పతనానికి దుఃఖించే ఉపవాస దినం వారికి తరతరాలుగా ఉన్నప్పుడు, ప్రభుత్వం వేరొక రోజును ఎందుకు నిర్ణయించవలసి వచ్చింది?

విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, కర్నూలు:
అమ్మా, ఆ తేదీ ఒక రాజీ. 1943లో వార్సా ఘెట్టో (పోలండ్ రాజధానిలో నాజీలు యూదులను బంధించి ఉంచిన పేట) తిరుగుబాటు సరిగ్గా ఐగుప్తు దాస్యం నుండి విడుదలను తలచుకొనే పస్కా పండుగ ముందురోజు, యూదుల పంచాంగంలో నీసాను నెల 14న మొదలైంది. ఆ రోజునే స్మరణ దినంగా పెట్టాలని కొందరు పట్టుబట్టినా, పండుగ పూట సంతాపం కుదరదు గనుక 1951లో ఇజ్రాయెల్ పార్లమెంటు నీసాను 27ను ఎంచుకొని, 1959లో చట్టం చేసింది. మత పెద్దలు మాత్రం, బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడించిన రోజుగా ఉపవాసముండే టెబేతు నెల 10నే దీనికీ చాలునన్నారు. కొత్త రాజ్యానికి ఏడుపు ఒక్కటే సరిపోలేదు, ఎదిరించినవారి కథ కూడా కావలసి వచ్చింది. అందుకే ఆ దినం పేరులో మారణహోమంతో పాటు వీరత్వం అనే మాట చేరింది. ప్రభుత్వాలు స్మరణకు తేదీ పెట్టేటప్పుడు తమ అవసరాన్ని మరచిపోవని నా అనుమానం.

కడప పాఠకురాలు:
సార్, మీరన్నది నిజమే గాని, పాత ఆచారం బలం వేరు. టీచర్ గారు చెప్పిన ఆలయాల పతన దినం, అంటే ఆబు నెల 9వ తేదీ ఉపవాసానికి ముందు ఉడికించిన గుడ్డును బూడిదలో అద్దుకొని తింటారు. రాత్రి నేల మీద కూర్చొని, యెరూషలేము పతనానికి ఏడ్చే బైబిలు గ్రంథం విలాపవాక్యములు చదువుతారు. పస్కా రాత్రి ప్రతి ఒక్కరూ ఐగుప్తు నుండి తామే బయటపడినట్లు భావించుకోవాలని నియమం, అందుకే పిల్లల నాలుకకు సైతం చేదు కూరలు తగలాలి. సైరన్ చెవికి తగులుతుంది, అంతవరకే.

సోషల్ టీచర్, అనంతపురం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి మతనిష్ఠ గల యూదులు సైరన్ మోగినప్పుడు లేచి నిలబడతారా?

విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, కర్నూలు:
వారిలో చాలామంది నిలబడరమ్మా. అది తమ సంప్రదాయం కాదంటారు. చనిపోయినవారి కోసం కీర్తనలు చదవడమే తమ పద్ధతి అంటారు.