హాల్లో గోడకి స్టెన్సిల్ డిజైన్: సొంతంగా వేసుకున్నవాళ్లు చెప్పండి

కొర్లగుంట_వాసి
తిరుపతిలో మాది పాత ఇల్లు. హాల్లో సోఫా వెనక గోడకి కలంకారీ తరహాలో తీగలు, నెమళ్లు ఉండాలని మా ఆవిడ కోరిక. పెయింటర్‌ని అడిగితే ‘అంత పని ఎందుకు సార్, వాల్‌పేపర్ అంటించేయండి’ అంటున్నాడు. స్టెన్సిల్ (డిజైన్ ఆకారంలో కోసిన ప్లాస్టిక్ షీటు) కొని నేనే వేద్దామనుకుంటున్నా. గోడకి ఇప్పుడున్నది డిస్టెంపర్. దాని మీదే వేయొచ్చా?

తిరుచానూరు_అక్క
ఆగు తమ్ముడూ. ముందు తడిగుడ్డతో గోడని ఒకచోట రుద్ది చూడు. గుడ్డకి రంగు అంటిందంటే దాని మీద ఏదీ నిలవదు. నేను చూసుకోకుండా మొదలుపెట్టా. షీటు జారకుండా మాస్కింగ్ టేపు వేశానా, లాగితే దాంతోపాటు జానెడు రంగు పెచ్చులా ఊడొచ్చింది. మళ్లీ గీకించి, ఎమరీ పేపర్ పట్టించి, ప్రైమరు, రెండు కోట్లు ఎమల్షన్. స్టెన్సిల్ కన్నా దానికే ఎక్కువైంది.

రంగు బాగా ముంచకు. నా మొదటి నెమలికి మెడ దగ్గర రంగు షీటు కిందికి పాకి, అది నెమలో బాతో తెలియకుండా పోయింది. (మా అత్తగారికి ఇప్పటికీ బాతే.) స్పాంజి ముక్కని రంగులో అద్ది, పాత పేపర్ మీద నాలుగైదుసార్లు ఒత్తి, ఇక రంగు లేదేమో అనిపించినప్పుడు గోడ మీద పెట్టాలి. రుద్దకూడదు, తట్టాలి. నీళ్లు కలపొద్దు. షీటు తీసిన ప్రతిసారీ వెనక తుడవాలి.

చిత్తూరు_మేస్త్రి
గోడ అవతల బాత్రూం ఉందా అన్నా? మాకు ఉంది. ఎండాకాలంలో వేసిన తామరపూలు కార్తీకమాసం వానలకి కిందనుంచి ఉబ్బి, తెల్లగా ఉప్పు పూశాయి. చెమ్మతోపాటు గోడలోంచి వచ్చే ఉప్పు అది, పైన పుట్టీ పెడితే ఆగదు. నీళ్లు ఎక్కణ్నుంచి దిగుతున్నాయో అది ఆపాలి, గోడ ఆరాలి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి సంక్రాంతి దాటాక మొదలుపెట్టు.

వరస శ్లాబు నుంచి కొలవద్దు. శ్లాబు చాలా ఇళ్లలో సమంగా ఉండదు. రసమట్టంతో గీత గీసుకుని, నడిమధ్య నుంచి రెండు పక్కలకీ పో.

కాళహస్తి_కలం
కలంకారీ అన్నారు కాబట్టి ఒక మాట. మా ఊళ్లో గుడ్డని కరక్కాయ, పాలలో నానబెట్టి, వెదురుపుల్లకి ఉన్ని చుట్టిన కలంతో గీస్తారు. నలుపు అంటే ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లే. కరక్కాయ తగిలితేనే అది నల్లగా తేలుతుంది. గోడకి ఇవేవీ పనికిరావు, గీత తీరు మాత్రం తెచ్చుకోవచ్చు. స్టెన్సిల్‌తో చిక్కంతా అక్కడే. షీటు ముక్కలు కాకుండా మధ్యమధ్యలో సందులు వదులుతారు కదా, గీత తెగిపోతుంది. తెగిన గీతతో కలంకారీ అనిపించదు. రంగు ఆరాక సన్న బ్రష్‌తో నల్లగీత చేత్తోనే కలపండి. నలుపు, ఎరుపు, ముదురు పసుపు, నీలం చాలు. బంగారు రంగు వేశారంటే హాలు కాస్తా కల్యాణమండపం అవుతుంది.

కొర్లగుంట_వాసి
తడిగుడ్డ పరీక్ష చేశా. గుడ్డంతా క్రీమ్ కలర్! పండగ దాకా ఆ గోడ జోలికి పోను. పూజగది పక్క గోడకి ఎమల్షనే, గట్టిగా ఉంది. అక్కడ బోర్డర్ కోసం స్టెన్సిల్ వెతుకుతుంటే మా అమ్మ ‘రోజూ వాకిట్లో ముగ్గేసే చెయ్యి ఇది, ప్లాస్టిక్ అట్ట ఎందుకురా’ అని చాక్‌పీస్‌తో చుక్కలు పెట్టి, మెలికల ముగ్గు పట్టీ గీసేసింది. స్టెన్సిల్ కన్నా బాగుంది. ఆ గీతల మీదే రంగు వేయొచ్చా?

తిరుచానూరు_అక్క
పొడిగుడ్డతో ఒకసారి దులుపు, గీత లీలగా కనబడితే చాలు. చాక్‌పీస్ పొడి మీద రంగు పట్టదు. అమ్మనే వేయమను, నువ్వు రంగు డబ్బా పట్టుకో.